తెల్ల దారం, లేత నీలం దారం

"ఆల్దిస్, ఇవాళ్టి నుంచి మనింట్లో ప్రొటీన్ పెరగాలి" అని స్నానాలగదిలోంచి అరిచాడు ఉల్ఫర్. అక్కడి నీళ్ల హోరుకీ, ఇక్కడ పెనం మీద చేప చిటపటకీ మధ్య ఆ మాట ముందున్న అక్షరం ఎక్కడో జారిపోయి, ఆల్దిస్ చెవిలో "రొటీన్ పెరగాలి" అని పడింది. అట్లకాడ గాల్లో ఆగిపోయింది. పొద్దున్నే లేచి కాఫీ పెట్టి, మెట్ల మీది మంచు తోసి, సాయంత్రం దాకా మందుల షాపులో నిలబడి, వచ్చే దారిలో సరుకులు మోసుకొచ్చి, మళ్లీ పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి రొటీన్ ఇంకా ఎటు పెరగాలో అర్థం కాలేదు. పొడుగ్గానా, వెడల్పుగానా? తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చిన మొగుణ్ని అదే అడిగింది. ఏమేం పెంచాలో కాస్త వివరంగా చెప్పమంది. అతను వేళ్లు మడిచి మరీ వివరించాడు. గుడ్లు పెంచాలి, పప్పులు పెంచాలి, చేపలు పెంచాలి. హుసవిక్ లాంటి రేవు ఊళ్లో, సముద్రం ఇంటి గుమ్మం దాకా వచ్చిపోతుంటే, ఇంకా మనం చేపల్ని పెంచడమేమిటని ఆమె విస్తుపోయింది. అది రొటీన్ కాదు ప్రొటీన్ అని తేలేసరికి పెనం మీద చేప ఒకవైపు మాడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాక ఆల్దిస్‌కి తట్టింది, రెంటికీ తేడా ఒక్క అక్షరమే అయినా రెండూ పెరగాల్సింది తన చేతుల మీదుగానే.

యాభై దాటాక కండ కరుగుతుందని డాక్టరు అన్న దగ్గర్నుంచి ఉల్ఫర్‌కి కండే గండమై కూర్చుంది. చేతికి కొత్త గడియారం, చెవుల్లో ఎవరో పెద్దమనిషి తిండి మీద చేసే ఉపన్యాసం. "కొవ్వు తగ్గించుకోవాలి" అని అతనంటే, ఎక్కడి కొవ్వో చెప్పలేదు కాబట్టి ఆల్దిస్ తనకి తోచిన అర్థం తీసుకుని ఊరుకునేది. నిజానికి ఆ ఇంట్లో ప్రొటీన్‌కి ఏనాడూ కరువు లేదు. పొద్దున గట్టి పెరుగులాంటి స్కీర్, దాని మీద నల్లటి అడవిపళ్లు. కూతురు బ్రిన్యా బడికెళ్లే రోజుల్లో సంచీలో వెన్న రాసిన ఎండుచేప. రాత్రికి కాడ్ చేపో, గొర్రెమాంసమో, ఎండు బఠాణీల పులుసో. ఇన్నేళ్లూ ఆమె పెట్టింది తిండి. ఇప్పుడు ఆ తిండికి అతను పేరు పెట్టాడు, అంతే. పెట్టి పెట్టి ఆమె అలిసిపోయింది, పేరు పెట్టి అతను పెద్దవాడయ్యాడు. ఇంటిపనిలో అతని పాలు ఏమిటంటే, ఆఫీసు నుంచి వస్తూ పాలు తేవడం. షాపులోనూ తీరు వేరేగా ఏం లేదు. ఒకరి మందు ఇంకొకరికి పోకుండా కాపు కాసేది ఆమే అయినా, కొత్త మేనేజరు బయటి నుంచి వచ్చినవాళ్లకి ఆమెను పరిచయం చేసింది మాత్రం "శుక్రవారం కేకు తెచ్చేది ఈవిడే" అని.

ఆ శనివారం ఉల్ఫర్ గ్యారేజీలోని ఫ్రీజర్ తెరిచి, గడ్డకట్టిన రెండు సంచుల్ని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. రెండింటి మూతులూ తెల్లదారంతో కుట్టి ఉన్నాయి. అతని తల్లి యోరున్ పోయిన ఏప్రిల్లో కన్నుమూసింది. అంతకు ముందటి శరత్కాలంలో చేసిన స్లౌతుర్‌లో, అదే గొర్రె నెత్తురు కూరి ఉడికించిన సంచుల్లో, చివరికి మిగిలినవి ఈ రెండే.

"పొడులూ డబ్బాలూ ఎందుకు, అసలైన ప్రొటీన్ ఇది. మా అమ్మకి ఆ ఉపన్యాసాలేం వినకుండానే తెలుసు" అన్నాడు. మర్నాడు తమ్ముడు సైవర్ భోజనానికి వస్తున్నాడు, అక్యురేరి పట్నం నుంచి బ్రిన్యా వస్తోంది, అందరూ కలిసి అమ్మ చేతివంట చివరిసారి తినాలన్నాడు. ఈ ఏటికి ఆల్దిసే బోలెడంత చేసి ఫ్రీజర్ నింపాలన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, చాలా ప్రేమగా అన్నాడు: "నీకు ఉప్పు దగ్గరే వస్తుంది చిక్కంతా. ఈసారి కాస్త మనసు పెట్టి చెయ్యి."

మనసు పెట్టడానికి అది తన దగ్గర ఎప్పుడుంది, ఎప్పుడో ఆ వంటింట్లోనే పెట్టి వచ్చేసింది గదా అనుకుంది ఆల్దిస్. ఏ వంటింట్లో? యోరున్ వంటింట్లో.

గొర్రెలు కొండలు దిగే రోజులు రాగానే ఊళ్లో ఆడవాళ్లంతా స్లౌతుర్‌కి కూర్చునేవాళ్లు. గొర్రె నెత్తురూ, రుబ్బిన కాలేయమూ, కొవ్వు ముక్కలూ, రై పిండీ కలిపి, శుభ్రం చేసిన పొట్టసంచుల్లో కూరి, మూతి కుట్టి, పెద్ద బానలో గంటలకొద్దీ ఉడికించాలి. యోరున్ వంటింటి అద్దాలు ఆవిరికి తెల్లబడిపోయేవి. రేడియోలో ఒక గొంతు పడవలవాళ్లకి గాలివాన కబుర్లు చదివేది. మోచేతుల దాకా ఎర్రటి చేతులతో అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చుని కుట్టేవాళ్లు. బాన ఒక్కటే కాబట్టి ఎవరి సంచులు ఎవరివో తెలియడానికి ఎవరి దారం వాళ్లది. యోరున్‌ది తెలుపు, ఆల్దిస్‌ది లేత నీలం. పెళ్లైన కొత్తలో అత్తగారి సూదీ కుట్టేది, మాటా కుట్టేది. "అలా కుడితే బానలో నోరు తెరుస్తుంది. సంచైనా కోడలైనా నోరు గట్టిగా మూసుండాలి" అని ఆవిడన్నప్పుడు ఆల్దిస్ ఆవిరి వంకన కళ్లు తుడుచుకుంది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ సూది మొన అరిగింది. ఆవిడ తన కథలు చెప్పడం మొదలుపెట్టింది. దేశంలో ఆడవాళ్లంతా పని మానేసి వీధిలోకి వచ్చిన రోజు తనూ వెళ్లిందట. అది కూడా స్లౌతుర్ కాలమే. నెత్తురు బకెట్ మొగుడి ముందు పెట్టి, గడ్డకట్టకుండా తిప్పుతూ ఉండమని చెప్పి వెళ్లిందట. చీకటి పడ్డాక జెండా పాటలు పాడుకుంటూ ఇంటికొస్తే, బకెట్ గడ్డకట్టి ఉంది, పిల్లలు ఉడికీ ఉడకని సాసేజీలు నములుతున్నారు, మొగుడు మాత్రం యుద్ధం గెలిచినట్టు సోఫాలో పడి నిద్రపోతున్నాడు. "తిప్పమన్నాను బకెట్‌ని. ఆయన తిప్పింది చేతులు" అని ఆవిడ చెబుతుంటే ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు, తమ పొట్టలూ గొర్రె పొట్టలూ కలిపి. ఆ వెచ్చదనం, ఆ మిరియాల వాసన, ఆ ముసలి గొంతు ఆల్దిస్‌కి ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. తల్లి దగ్గర కూడా ఆమె అంత నవ్వలేదు.

ఆ పొరపాటు జరిగింది యోరున్ కళ్లలో శుక్లాలు ముదిరిన ఏడు. ఆవిడ మసక కళ్లకి తెలుపూ లేత నీలమూ ఒకేలా ఉండి, ఆల్దిస్ నీలం దారపు ఉండనే అందుకుని తన సంచుల్ని కుట్టడం మొదలుపెట్టింది. ఆల్దిస్ చూసేసరికే సగం అయిపోయాయి. ఎందుకులే పెద్దావిణ్ని చిన్నబుచ్చడమని ఆల్దిస్ మారు మాట్లాడకుండా తెల్ల ఉండ అందుకుంది. భోజనాల దగ్గర చెబుదామనుకుంది. చెప్పేలోపే ఉల్ఫర్ తెల్లదారం సంచి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇదీ అమ్మ చెయ్యి" అన్నాడు. తర్వాత నీలం దారం సంచిలోది ఒక ముక్క కొరికి, "నీకెప్పుడూ ఉప్పు చాలదు ఆల్దిస్" అన్నాడు. సైవర్ తల ఊపాడు. ఆల్దిస్ తలెత్తి చూస్తే, యోరున్ నీలం దారం ముక్కని నెమ్మదిగా నములుతోంది. తన ఉప్పు తనకి తెలియకపోతుందా. ఆవిడ ఇంకో ముక్క పళ్లెంలో వేసుకుంది. గిన్నెలు తోమే చోట ఇద్దరే మిగిలాక మాత్రం, ముందు ఆవిడ భుజాలు కదిలాయి, తర్వాత ఆల్దిస్‌వి. సబ్బు నురగ మొహాల మీదికి ఎగిరేలా నవ్వారు. లోపల్నుంచి ఉల్ఫర్ ఏమిటని అడిగితే, నీళ్లు వేడిగా ఉన్నాయని చెప్పింది యోరున్.

మరుసటేడు కళ్లకి ఆపరేషన్ అయింది, ఆకాశంలో పక్షి ఈకలు కూడా కనిపిస్తున్నాయని ఆవిడే మురిసిపోయింది. అయినా స్లౌతుర్ రోజున చెయ్యి చాపి నీలం ఉండే తీసుకుంది. తెల్ల ఉండ కోడలి ఒళ్లోకి విసిరింది. అప్పట్నుంచి ప్రతి శరత్కాలమూ అంతే. తెల్లదారానికి పొగడ్త, నీలందారానికి సాధింపు. పని చెయ్యకుండా పొగడ్త తనకి, తప్పు చెయ్యకుండా తిట్లు కోడలికి, ఇది న్యాయం కాదని ఆవిడే ఒకసారి అంది. చెప్పేద్దామా అని ఆల్దిస్ అడిగితే చాలాసేపు సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుని, "మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నా వంటకీ ఈ ఇంట్లో ఉప్పు చాల్లేదు. ఒక్కరోజు కూడా నోరు విప్పలేకపోయాను. నాకు చేతకాలేదు తల్లీ. నీకు చెప్పబుద్ధేసిన రోజు నువ్వు చెప్పు" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఆల్దిస్ సంచుల తెల్లదారాన్ని కత్తిరించి, ముక్కలు కోసి, వెన్నలో వేయించి, మెదిపిన దుంపలతో బల్ల మీద పెట్టింది. చెప్పకూడదనే అనుకుంది. పోయిన మనిషి కొడుకుల నోటి దగ్గర ముద్దని లాగేసుకోవడం ఏం బాగుంటుంది? ఈ ఒక్క పూటా వాళ్లు తల్లిని తలుచుకుని తింటే తన సొమ్మేం పోయింది?

ఉల్ఫర్ మొదటి ముక్క తిని చాలాసేపు కిటికీలోంచి రేవు వైపు చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయిపోయింది. ఇంక ఈ రుచి ఈ ఇంట్లో ఉండదు" అన్నాడు. సైవర్ అన్న భుజం తట్టి, వదిన ప్రయత్నిస్తుందిలే అన్నాడు. ఉల్ఫర్ ఆల్దిస్ చెయ్యి నిమిరి, పాపం ఎన్నేళ్లుగానో ప్రయత్నిస్తూనే ఉందన్నాడు. ఆ నిమరడంలో చెడ్డతనం ఏమీ లేదు. అదే ఎక్కువ కుట్టింది.

అప్పటికీ ఆమె ఊరుకునేదే. కానీ బ్రిన్యా తన పళ్లెంలోని ముక్కని ఫోర్క్‌తో అటూ ఇటూ తిప్పుతూ, "నేను బామ్మ దగ్గర నేర్చుకుని ఉండాల్సిందమ్మా" అంది. "మా ఎగిల్ కూడా మొన్న నా చేపల పులుసు తిని, బాగుంది గానీ మా అమ్మ చేసినట్టు లేదన్నాడు. నాది నీ చెయ్యే వచ్చినట్టుంది, మనకి రాదనుకుంటా."

మనకి రాదు. ఆల్దిస్ ఆ మాటని నోట్లో ముక్కలా కాసేపు ఉంచుకుంది. ఉప్పు చాలని కోడలిగా యోరున్ గడిపిన ఏళ్లు, తను గడిపిన ఏళ్లు, ఇప్పుడు ఈ పిల్ల ఆ ఎగిల్‌తో ఇంకా పెళ్లి కూడా కాకుండానే తలవంచి అందుకోబోతున్న ఏళ్లు, అన్నీ ఒకే దారం మీద వరసగా కనిపించాయి. ఈ కొసని ఇక్కడ తెంపకపోతే అది పిల్ల వంటింట్లోకి పాకుతుంది. కాఫీ కోసం లేవబోయినదల్లా మళ్లీ కూర్చుంది. గొంతు పెంచలేదు. వాతావరణం కబురు చదివే రేడియో మనిషిలా చదునుగా, అందరికీ అర్థమయ్యేలా, మొదటినుంచీ చెప్పింది. శుక్లాలు ముదిరిన ఏడు ఉండలు మారడం, తెల్లదారం తన చేతికి రావడం, కళ్లు బాగుపడ్డాక కూడా యోరున్ ఏరికోరి నీలం ఉండే తీసుకోవడం. అప్పట్నుంచీ తెల్లదారంతో కుట్టిన ప్రతి సంచీ, ఇవాళ బల్లమీదున్న ఈ రెండింటితో సహా, ఉప్పు దగ్గర్నుంచి ఆఖరి ముడి దాకా తను చేసినదేనని.

సైవర్ ఫోర్క్ కింద పెట్టాడు. బ్రిన్యా తన పళ్లెంలోని ముక్కని మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుంది. ఉల్ఫర్ మొహంలో రంగు మెల్లగా దిగింది. లెక్క అతనికి ఒక్కొక్క మెట్టే అందుతోంది.

"మరి నీలం దారంవి?" అన్నాడు చివరికి.

"మీ అమ్మవి."

"అమ్మకి తెలుసా?"

"మొదటి ముద్దకే తెలిసింది" అంది ఆల్దిస్. "ఉప్పు చాల్లేదని నువ్వు పళ్లెం అంచుకి నెట్టేసిన ముక్కలుండేవే, అవి ఏటేటా ఆవిడే ఏరుకుని తినేది. నేను పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. 'పోనీలేవే, నేను చేసినవేగా' అనేది."