బంతి ముందు అన్నకే

గూడూరు ఫుట్‌బాల్ జట్టు ఓడిపోవడంలో ఒక పద్ధతి ఉండేది. ఆషామాషీగా ఓడేవాళ్లు కాదు. తలంటుకుని, క్రాపులు దువ్వుకుని, అధ్యక్షులవారి ఉపన్యాసం విని, పూలదండలు వేయించుకుని, కడుపునిండా తిని మరీ ఓడేవాళ్లు. ఏటా ఎండలు ముదరకముందు నాయుడుపేటలో కప్పు పోటీలు జరిగేవి. ఏటా మనవాళ్లు పాసింజరు బండిలో జైజైలు కొట్టుకుంటూ వెళ్లి, తిరుగు బండిలో గుర్రుపెట్టి నిద్రపోతూ వచ్చేవాళ్లు. అరవై ఒకటో సంవత్సరం నాటికి గూడూరులో ఎవరి పనైనా చెడితే ‘నాయుడుపేట పోయొచ్చినట్టుంది’ అనడం మామూలైపోయింది.

ఈ జట్టుకు కెప్టెన్ ఖాదర్ బాషా. స్టేషన్ రోడ్డులో పరుపుల కొట్టు ఆయనది. వయసు నలభైకి అటూ ఇటూ. జట్టు పెట్టింది ఆయనే, మొదటి బంతి కొన్నది ఆయనే, కనుక ఆయనకు ఆట వచ్చా రాదా అని ఆలోచించే పాపం ఎవరూ మూటగట్టుకోలేదు. ఊరందరికీ ఖాదరన్న. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. నాయుడుపేట మైదానంలో ఆడి, గెలిచి, ఆ కప్పు చేత్తో పట్టుకోవాలి. నాయుడుపేటలోనే ఎందుకంటే అది అత్తగారి ఊరు. పైగా నాయుడుపేట జట్టు కెప్టెన్ బాజీ ఆయనకు స్వయానా బామ్మర్ది. బామ్మర్ది చేతిలో ఓడటం ఒక ఎత్తయితే, ఓడిన సాయంత్రం ఆ బామ్మర్దే వచ్చి “కాళ్లు పీకతా ఉండాయా బావా, వేణ్ణీళ్లు పెట్టించేదా” అని వినయంగా అడగడం ఇంకో ఎత్తు.

ఆ ఏడు కూడా శాస్త్రోక్తంగా ఓడి వచ్చాక భార్య జమాల్‌బీ అన్నం వడ్డిస్తూ ఊరుకోలేకపోయింది.

“ఊళ్లోవాళ్ల పరుపులు విప్పి, యాడ ముద్ద కట్టిందో తడిమి తడిమి తీస్తారు గదా. మీ జట్టులో ముద్ద యాడుందో ఒకసారి తడిమి చూడకూడదా? పరుపు మొత్తం పారేయబళ్లేదు.”

పెళ్లాం మాటను అన్నంలో కలుపుకుని తినేసే మగవాళ్లే ఎక్కువ. ఖాదర్ బాషా మాత్రం చెయ్యి కడుక్కున్నాక కూడా అదే ఆలోచించాడు. మర్నాటి నుంచే తడమడం మొదలుపెట్టాడు.

మొదటి ముద్ద బూట్లు. క్లబ్బు అధ్యక్షుడు పద్మనాభయ్య నిమ్మకాయల మండీ యజమాని. చౌకగా వస్తున్నాయని మద్రాసులో ఒక గోతం బూట్లు కొన్నాడు, అన్నీ ఒకటే సైజు. కాయను చూడగానే ఏ బుట్టలో వెయ్యాలో చెప్పగల మనిషికి, కాళ్లలో కూడా చిన్నా పెద్దా ఉంటాయని తట్టలేదు. ఆటగాళ్లు ఖాదర్ బాషా కొట్టులో బూరుగుదూది తెచ్చి బూట్లలో కుక్కుకునేవాళ్లు. మనిషి పరుగెత్తితే బూటు ఓ క్షణం ఆలోచించి వెనకాలే వచ్చేది. బూట్లు వద్దంటే అధ్యక్షులవారు నొచ్చుకుంటారు. అందుకని కమిటీ కూర్చుని ఒక తీర్మానం చేసింది. ఊరేగింపుకూ ఫొటోకూ ఉపన్యాసానికీ బూట్లు వేసుకోవాలి, ఆ తర్వాత గుడి ముందు విడిచినట్టు మైదానం అంచున విడిచి ఒట్టికాళ్లతో ఆడుకోవచ్చు. పద్మనాభయ్య సంతోషించాడు. బూట్లు కూడా ఎక్కువకాలం మన్నుతాయన్నాడు.

రెండో ముద్ద అత్తగారు. పోటీ రోజు మధ్యాహ్నం అల్లుడి జట్టు మొత్తానికి షాహిదాబీ భోజనం పెట్టేది. మాంసం పలావు, దాల్చా, మీద సేమ్యా పాయసం. ఆమెది కల్మషం లేని చెయ్యి. కల్మషమంతా పక్కన నిలబడి కొసరి కొసరి వడ్డించే బాజీది. తన జట్టుకు మాత్రం పొద్దున్నే గంజి తాగించి నీడన పడుకోబెట్టి వచ్చేవాడు. రెండు గిన్నెల పాయసం తిన్న మనిషి బంతి వెంట ఎంత దూరం పోతాడు? దొర్లిపోతే పోనీ, మళ్లీ వస్తుందిలే అనుకుంటాడు.

మరుసటి ఏడు పోటీలకు ముందు ఖాదర్ బాషా ఒక్కడే నాయుడుపేట వెళ్లి, అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “అత్తా, ఈసారి ఆట అయినాకనే భోజనం. గెలిచి తింటాం.”

షాహిదాబీ చేతిలో గరిటె కింద పెట్టేసింది. “గెలిచేదాకా పస్తులుంటారా నాయనా?” అంది. ఎగతాళికి కాదు, నిజంగానే భయపడింది.

మూడో ముద్ద దొరకడానికే చాలా రోజులు పట్టింది, ఎందుకంటే దాన్ని అందరూ సుగుణం అనుకుంటున్నారు. గూడూరు జట్టులో బంతి మర్యాద ప్రకారం నడిచేది. ఎవరి కాలికి దొరికినా, దాన్ని ముందు పెద్దవాడికి ఇవ్వాలి. అందరికన్నా పెద్దవాడు ఖాదరన్న. గోలు ముందు ఖాళీగా నిలబడిన కుర్రవాడు కూడా వెనక్కి తిరిగి, ఎక్కడో నడిమైదానంలో ఉన్న అన్నకు బంతి సమర్పించుకునేవాడు. అన్న దాని మీద పాదం ఆనించి, నలుగురినీ ఒకసారి చూసి, ఎవరికిస్తే ఎవరు నొచ్చుకుంటారో ఆలోచించి, అప్పుడు కొట్టేవాడు. ఈలోగా నాయుడుపేట వాళ్లు వచ్చి తీసుకుపోయేవాళ్లు. పాపం, వాళ్లు మర్యాద తెలియని మనుషులు. ఒకసారైతే బంతి పక్కన నిలబడి, మైకా షెడ్డు మేస్త్రీ చెంచయ్య “నువ్వు కొట్టు సామీ” అనడమూ, కుర్ర పంతులు యెహోషువ “మీరుండగా నేనేంది, మీరే కొట్టండి” అనడమూ, ఇద్దరూ ఇలా ఒకరినొకరు గౌరవించుకుంటూ ఉండగా బంతి తన దారిన తాను గీత దాటి పోయింది.

ఖాదర్ బాషా జట్టును కూర్చోబెట్టి ఒక కట్టడి పెట్టాడు. “గీత లోపల అన్నలు లేరు, గార్లు లేరు. అందరికీ పేర్లే. యాడ ఖాళీ ఉంటే ఆడికి కొట్టండి. నేను తప్పు చేస్తా ఉంటే ఖాదరూ, తప్పు చేస్తా ఉండావని మొహాన చెప్పండి. గీత దాటినాక మళ్లీ మన మర్యాద మనది.”

ఈ మాటకు అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడింది యెహోషువ. మిషన్ బళ్లో చిన్న పంతులు, జట్టులో అందరికన్నా వేగంగా పరుగెత్తే మనిషి, ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడటం ఎరగడు. సాధన చేసేటప్పుడు ‘ఖాదరూ’ అని పిలిచి బంతి అందుకునేవాడు. చీకటి పడే వేళకు పరుపుల కొట్టు దగ్గరికి వచ్చి “అన్నా, ఇందాక నోరు జారినా, మనసులో పెట్టుకోబాకండి” అని క్షమాపణ చెప్పి పోయేవాడు.

ఇవేమీ పెద్ద సంగతులు కావు. ఒట్టికాళ్లు, ఖాళీ కడుపు, నోటినిండా పేరు. అంతే. కానీ ఆ ఏడు గూడూరు జట్టు సూళ్లూరుపేట వాళ్లను ఓడించింది. వెంకటగిరి వాళ్లనూ ఓడించింది. ఊరు ముందు నమ్మలేదు, తర్వాత అంతా మా అధ్యక్షుల బూట్ల మహిమ అని పద్మనాభయ్య మనుషులు చెప్పుకున్నారు. ఆఖరి పోటీ నాయుడుపేటతో. ఖాదర్ బాషాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. పరుపులమ్మే మనిషి చాప మీద కూర్చుని కప్పు పట్టుకునే తీరు ఊహించుకునేవాడు.

ఆఖరి పోటీ రోజు జనం మైదానం చుట్టూ నాలుగు వరసల్లో నిలబడ్డారు. ఆయన మామగారు, మామగారి అన్నదమ్ములు, పెళ్లికి వచ్చి పచ్చళ్లకు వంక పెట్టిన చుట్టాలు, అందరూ ఉన్నారు. ఆట మొదలైంది. బంతి గూడూరు వాళ్ల కాళ్ల మధ్య చకచకా తిరిగింది, ఒక్కచోట తప్ప. ఖాదర్ బాషా దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆగింది. ఇన్నేళ్ల అలవాటు, పాదం దానంతటదే బంతి మీదకు ఎక్కేది. అలా ఆగిన ఒకసారి బాజీ వచ్చి, గుమ్మం ముందు చెప్పు తీసుకున్నంత సులువుగా బంతి తీసుకుపోయి గోలు కొట్టాడు.

సగం ఆట దగ్గర విరామంలో అందరూ మైదానం మధ్యలోనే చతికిలబడి నిమ్మకాయ చెక్కలు చప్పరిస్తున్నారు. యెహోషువ లేచి వచ్చి ఖాదర్ బాషా ముందు నిలబడ్డాడు. మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాడు.

“ఖాదరూ, నువ్వు పోయి కూర్చో.”

అప్పటి పోటీల్లో మధ్యలో మనిషిని మార్చే ఏర్పాటు లేదు. దిగినవాడు దిగినట్టే. ఖాదర్ బాషా ఆ సంగతే అన్నాడు. “నేను పోతే పదిమందే గదా ఉంటారు.”

“అవును. పదిమందిమైతే గెలుస్తాం.”

ఖాదర్ బాషా చెంచయ్య వైపు చూశాడు. పాతికేళ్ల స్నేహితుడు, వీడైనా కాదంటాడని ఆశ. చెంచయ్య గడ్డి పీకుతూ “ఆ పక్కన నీడ బాగుంది ఖాదరూ” అన్నాడు.

ఆయనకు కళ్లు మండాయి. కోపం కూడా వచ్చింది, కానీ ఎవరి మీద పడాలో తెలియని కోపం. మొహాన చెప్పమన్నది తనే. ఇన్నాళ్లూ జట్టంతా తడిమి చూశాడు, తన చోటు మాత్రం తడమలేదు. ఇప్పుడు తడిమితే తెలిసింది, వీళ్లకు ఎప్పటినుంచో తెలుసని. లేచాడు. జనం ముందు ఊరికే నడిచిపోవడానికి కాళ్లు ఒప్పక, ఎడమకాలు కుంటుకుంటూ వెళ్లి పద్మనాభయ్య పక్కన కూర్చున్నాడు. పద్మనాభయ్య తువ్వాలుతో విసరసాగాడు.

ఆ తర్వాత బంతి ఎక్కడా ఆగలేదు. చెంచయ్య ఒకటి కొట్టాడు. ఆట ముగుస్తుందనగా యెహోషువ ఇంకొకటి కొట్టాడు. గూడూరు గెలిచింది.

కప్పు బల్ల మీద పెట్టారు. ఖాదర్ బాషా తీసుకోవడానికి కుంటుకుంటూ వస్తుంటే బాజీ అడ్డం వచ్చాడు. “ఆగండి. మా బావ పోయేటప్పుడు ఎడమకాలు కుంటినాడు, వచ్చేటప్పుడు కుడికాలు కుంటతా ఉండాడు. దెబ్బ లేదు, గిబ్బ లేదు. ఆయన్ని కావాలని దించేసినారు. మేం ఆయన్ని నమ్ముకుని ఆడతా ఉండాం. ఇది మోసం.”

పోటీల కమిటీ పెద్ద ముత్యాలయ్య రిటైరైన తాసీల్దారు. ఉద్యోగం పోయినా విచారణలు చేసే సరదా పోలేదు. వెంటనే కుర్చీలో కుదురుగా కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాడు.

“ఆటగాడు సరైన కారణం లేకుండా మైదానం వదిలితే ఆట చెల్లదు. వచ్చే ఆదివారం పదకొండు మందితో మళ్లీ ఆడాల్సి ఉంటుంది. దెబ్బ తగిలిందా బాషా, నిజం చెప్పు. కాంపౌండరును పిలిపిస్తాను.”

ఖాదర్ బాషా మనసు ఒక్కసారి ఊగింది. మళ్లీ ఆడాలట, పదకొండు మందితోనట. ఏమీ అనకుండా నిలబడితే చాలు, ఇంకో ఆదివారం ఈ మైదానంలో తనకుంది. బాజీ కూడా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి “మా బావ మంచి ఆటగాడు సార్” అన్నాడు. ఇన్నేళ్లలో అతని నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి. ఎంత కావాలనిపించిందో ఆ మాట.

కానీ వెనక తన జట్టు నిలబడి ఉంది. చెమట కారుతూ, దుమ్ము కొట్టుకున్న ఒట్టికాళ్లతో, కప్పు వంక చూస్తూ.

“దెబ్బ తగల్లేదు సార్” అన్నాడు ఖాదర్ బాషా. “నాకు ఆట రాదు. నేనుంటే ఓడిపోతారని దిగినా. అదే కారణం.”

మామగారు తలపాగా సర్దుకున్నాడు.

ముత్యాలయ్య కలం మూత తీశాడు. “కారణం సరైనదే. కానీ నోటిమాట చాలదు. నీకు ఆట రాదనడానికి సాక్షులెవరు? నాయుడుపేట వాళ్ల సాక్ష్యం చెల్లదు, వాళ్లు వాదులు. మీ జట్టువాళ్లు చేతులెత్తాలి.”

గూడూరు జట్టులో ఒక్క చెయ్యి లేవలేదు. పదిమందీ చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నారు. ఇది గీత బయట. ఇక్కడ ఆయన అన్న. నలుగురిలో, అత్తగారి ఊళ్లో, అన్నకు ఆట రాదని ఎలా చెబుతారు? కప్పు పోయినా సరే, ఆ పాపం వాళ్ల వల్ల కాదు. బాజీ అప్పుడే మీసం దువ్వుకుంటున్నాడు.

ఖాదర్ బాషాకు నవ్వొచ్చింది. ఇంత ప్రేమతో ఓడిపోయే మనుషులు ఎక్కడైనా ఉంటారా అనుకున్నాడు. వాళ్ల ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

“ఎత్తండ్రా చేతులు. అన్న చెప్తా ఉండాడు, ఎత్తండి.”

అన్న చెప్పిన మాట కాదనలేరు గదా. ముందు చెంచయ్య చెయ్యి లేచింది. తర్వాత ఒక్కొక్కటే లేచాయి. అందరికన్నా చివర యెహోషువ చెయ్యి ఎత్తాడు, రెండో చేతి వెనక వైపుతో కళ్లు తుడుచుకుంటూ.

ముత్యాలయ్య లెక్కపెట్టి, ఏకగ్రీవం అని పైకి చదువుతూ రాసుకున్నాడు.