హోరు గ్రూపు

పిండిన దుప్పట్లను యంత్రంలోంచి రెండు చేతులా బయటికి లాగుతున్నవాడు మధ్యలో ఆగి, తడి వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. ఏమీ లేదు.

"వీళ్ళ మొహాలు మండ," అనుకుని మళ్ళీ దుప్పట్లు లాగాడు.

ఆస్పత్రి లాండ్రీలో అందరూ ఆయనను దుప్పట్లాయన అంటారు. వేడినీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు ముడతలు పడిపోయాయి. ఏళ్ళ తరబడి ఈ యంత్రాల మధ్య నిలబడ్డందుకు చెవుల్లో ఒక హోరు పట్టుకుంది. యంత్రాలు ఆగినా అది ఆగదు. ఇంట్లో చెబితే భార్య చెవి ఒగ్గి విని, "నాకేం వినపడట్లేదే," అంది. వినపడితే ఆవిడ చెవిలోనూ ఉన్నట్టే కదా! డాక్టరు మాత్రం తక్కువ తిన్నాడా, అలవాటు చేసుకోమని చీటీ కూడా రాయకుండా పంపేశాడు.

ఆ డాక్టరు గది బయట బెంచీ మీదే టీచరమ్మ పరిచయమైంది. తనలాగే చెవి హోరుతో వరుసలో కూర్చున్న వాళ్ళందరి నంబర్లూ తీసుకుని ఫోన్‌లో గ్రూపు కట్టి, దానికి 'హోరు' అని పేరు పెట్టింది. ఆ గ్రూపులో ఎవరూ నాకు వినపడట్లేదే అనరు. అందుకే ఆయనకది ఇంటి కంటే ఎక్కువైంది.

కానీ మనుషులు చూస్తే ఇలాంటి వాళ్ళు! రాత్రంతా కునుకు లేదు, చెవులు కోసి పారేయాలనిపిస్తోంది అని ఈ పొద్దున రాస్తే, గ్రూపులోని నూనె మామ గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం అన్నాడు. ఆ వెంటనే వెల్లుల్లి నూనె పోసుకోమన్నాడు. నూనెతో పోయేదైతే ఆయనింకా ఆ గ్రూపులో ఎందుకున్నట్టు? దుప్పట్లాయనకు ఒళ్ళు మండింది. 'మీకో దండం' అని రాసి బయటికి వచ్చేశాడు.

అలా బయటికి రావడం కొత్తేమీ కాదు. అలిగి వచ్చేయడం, భోజనం వేళకు టీచరమ్మ మళ్ళీ చేర్చి "రండి తమ్ముడూ, తిన్నారా?" అని అడగడం మామూలే. చేర్చడం ఆవిడ ఒక్కరి చేతిలోనే ఉంది. ఇవాళ భోజనం వేళ దాటిపోతున్నా పిలుపు లేదు.

"అన్నం ముందు పెట్టుకుని ఆ ఫోన్ చూస్తావేంటన్నా?" అంది ఇస్త్రీ ఆవిడ.

"అలిగాను."

"ఎవరి మీద?"

"గ్రూపు మీద."

"అలిగినోళ్ళు ఫోన్ చూసుకోరన్నా. తిను."

తినబుద్ధి కాలేదు. టీచరమ్మ కూడా విసిగిపోయిందేమో, ఇక పిలవదేమో అని తోచగానే హోరు రెట్టింపైంది. ఫోన్ చేద్దామా అంటే, అలిగిన మనిషే ఫోన్ చేస్తే అలకకు విలువేముంటుంది? పోట్లాడటానికైతే వెళ్ళొచ్చు. ఎవరికి హోరు తట్టుకోలేనంత అయినా రమ్మని ఆవిడ చిరునామా గ్రూపులోనే పెట్టింది. పని దిగగానే అటు నడిచాడు. ఒక్క మనిషి పోతే గ్రూపుకు బరువు తగ్గిందనుకున్నారా అని గట్టిగా అడగాలని దారంతా అనుకుంటూ వెళ్ళాడు.

తలుపు తీసింది టీచరమ్మ కూతురు. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మ కోసమా అండీ? అమ్మ తెల్లవారుజామున పోయింది. నిద్రలోనే. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది."

"నేను గ్రూపు మనిషినమ్మా," అన్నాడు దుప్పట్లాయన.

"చెవుల గ్రూపా? వాళ్ళకెలా చెప్పాలో తెలియక కూర్చున్నా. మీరే చెప్తారా?"

"నేను గ్రూపులో లేను. పొద్దున్నే బయటికి వచ్చేశాను." ఆ మాట చెప్పడానికి ఆయనకు చచ్చేంత సిగ్గేసింది.

నంబరు అడిగి, తల్లి ఫోన్‌లో నొక్కి, తెర మీద వచ్చిన పేరు చూసి కూతురు తలెత్తింది. "అలిగే తమ్ముడంటే మీరేనా?"

ఆయన తలూపాడు. కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. జేబులో ఫోన్ కదిలింది. 'టీచరమ్మ మిమ్మల్ని గ్రూపులో చేర్చారు' అని ఉంది. చాలాసేపు దాన్నే చూసి, 'టీచరమ్మ ఇక లేరు' అని రాశాడు. అందరికంటే ముందు నూనె మామ రాశాడు: 'అక్కడే ఉండు తమ్ముడూ, వస్తున్నా.' పువ్వు లేదు, నూనె లేదు.

కూతురు లోపలికి తీసుకెళ్ళింది. టీచరమ్మ గదిలో ఎవరూ లేకపోయినా ఫ్యాను గాలి తగులుతోంది. "చలికి వణుకుతూ కూడా దీన్ని ఆపనిచ్చేది కాదండీ. రోజూ ఇదే గొడవ," అంటూ కూతురు స్విచ్చి వైపు చెయ్యి చాపింది.

"ఉండనివ్వమ్మా. ఆ మోతుంటే చెవిలో హోరు అంతగా తెలియదు," అన్నాడాయన.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఖాళీ కుర్చీ పక్కన ఆ పాత టేబుల్ ఫ్యాను గరగరమంటూ తిరుగుతూనే ఉంది.