వరుసల మధ్య మాడు వాసన

కోడలు రోజూ పొద్దున్నే కంప్యూటరు తెరిచి, అత్తగారికి కుర్చీ లాగి, తను అంట్లు తోముకోవడానికి వెళ్లేది. అత్తగారు తెర మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ కొడుకు బ్లాగు చదివేది. పళ్లతో చేసే తీపి వంటలూ, ఇంట్లో దంచుకునే మసాలా పొడులూ అన్నీ అతను రాసినవే. అతను పోయి ఏడాది కావస్తోంది. యాభై ఏడేళ్ల వయసులో ఆవిడ అక్షరాలు దిద్దుకున్నదే వాటి కోసం.

ఆ అక్షరాలకి వాసన ఉండేది. దాల్చినచెక్క అన్న మాట దగ్గర దాల్చినచెక్క వాసన, బేరిపండు అన్న మాట దగ్గర బేరిపండు వాసన. ఉత్తరాలు తెచ్చే ఆయన గుమ్మంలోంచే, "ఇవాళ జాజికాయ పేజీ తీసినట్టున్నారు" అని తన దారిన తను పోయేవాడు.

కోడలికి మాత్రం ఏదీ తెలిసేది కాదు. అతను పోయినప్పటి నుంచీ ముక్కూ నాలుకా మొద్దుబారిపోయాయి. ఏడుపు కూడా రాలేదు. చదివేవాళ్లు "వాసనలన్నీ కలగాపులగం అవుతున్నాయి" అని రాస్తుంటే, ఈ ఆదివారం బ్లాగు మూసేద్దామనుకుంది. తనకి అందనిది ఎన్నాళ్లని మోస్తుంది?

శనివారం అత్తగారు చదివి చదివి ఆపిల్ ముక్కలు ఉడకబెట్టింది. చూడవచ్చిన ఆడపడుచు ఒక చెంచా నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక ఆగిపోయింది.

"అమ్మా, ఇది తీపి వంటా, పంటినొప్పి మందా?"

"లవంగాలు అరకప్పు అని ఉందే."

"అరకప్పు పంచదార. లవంగాలు రెండంటే రెండు. వరుస జారావు నువ్వు."

"నాకూ అనుమానం వచ్చింది. వాడు రాసి పెట్టాడంటే ఏదో ఉంటుందిలే అనుకున్నా."

ఈలోగా కోడలు తన గిన్నె ఖాళీ చేసి, మారు వడ్డించుకుంది. తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆడపడుచుది అచ్చాఫీసులో పేజీలు కూర్చే పని. తెర వైపు వంగి చూసింది. "తప్పు అమ్మది కాదు వదినా. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల నెత్తినెక్కి కూర్చున్నాయి. కిక్కిరిసిన బస్సులో ఎవరి చెమట ఎవరిదో తెలుస్తుందా? అక్షరం కాస్త పెద్దది చెయ్యి. వరుసకీ వరుసకీ ఎడం పెంచు. ఈ బూడిద రంగు తీసి నలుపు పెట్టు."

"రేపు మూసేస్తున్నాగా."

"ఖాళీ చేసే ఇల్లయినా ఒకసారి ఊడ్చి వెళ్తాం కదమ్మాయ్," అంది అత్తగారు. "ఒక్కసారి నన్ను జారకుండా చదువుకోనీ."

ఆదివారం కోడలు కూర్చుంది. ఏ పేజీకి ఆ పేజీయే దిద్దాలి. ముప్ఫై తొమ్మిది పేజీలు బట్టలు మడత పెట్టినట్టు దిద్దేసింది. మిగిలింది చివరిది, బేరిపండు పాకం.

అది రాస్తూ రాస్తూనే ఆ రోజు అతను పొయ్యి మీద పాకం సంగతి మరిచాడు. "మాడిపోతోంది, ముక్కు లేదా నీకు?" అని ఆమె విసుక్కుంది. అతను నవ్వి, మళ్లీ పళ్లు తెస్తానని బజారుకి వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఆమె వరుసల మధ్య ఎడం పెంచింది. ఒత్తులు కిందికి దిగి హాయిగా నిలబడ్డాయి. ఇంకొంచెం పెంచింది.

చటుక్కున లేచి వంటింట్లోకి పరుగెత్తింది.

"అత్తయ్యా, ఏదో మాడుతోంది."

ఆపిల్ చెక్కు తీస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది. "పొయ్యే వెలిగించలేదమ్మాయ్." మెల్లగా, "నీకు వాసన వచ్చిందా?" అంది.

కోడలు చల్లటి పొయ్యి వంక చూసింది. వెనక్కి వచ్చి తెర దగ్గరగా వంగింది. వాసన అక్షరాల్లో లేదు. ఏమీ రాయని ఆ ఖాళీలో ఉంది. అక్కడే ఒక వరుస చేర్చింది: పాకం కాస్త మాడినా పరవాలేదు.

మూసేసే మీట జోలికి పోలేదు. వంటింట్లోకి వెళ్లి, పళ్లెంలోంచి పచ్చి ఆపిల్ ముక్క ఒకటి తీసుకుని కొరికింది. చాలాసేపు నమిలింది.

"పుల్లగా ఉంది అత్తయ్యా," అంది.

"పుల్లటివే తెచ్చా," అంది ఆవిడ, పళ్లెం దగ్గరికి జరుపుతూ.