దొరగారి కళ్ళు

కొయ్యబుర్రకు తొడిగిన రబ్బరు ముఖానికి దేవసహాయం కనుబొమలు నాటుతున్నాడు. ఒక్కొక్క నెరిసిన వెంట్రుకనీ సూదిమొనతో గుచ్చి లోపలికి దించాలి. తొందరపడితే రబ్బరు చిరుగుతుంది, చిరిగితే నెలరోజుల చాకిరీ మట్టిలో కలుస్తుంది. పొద్దున్నే కాఫీ కూడా ముట్టకుండా కూర్చున్నవాడు రెండో కనుబొమ పూర్తిచేసి, తల వెనక్కి వాల్చి చూసుకున్నాడు. వెడల్పాటి నుదురు, కొనదేరిన ముక్కు, బుగ్గలమీద మన ఎండకు కమిలిన ఎరుపు. దొరగారు వచ్చేశారు, కళ్ళు తప్ప. కళ్ళుండాల్సిన చోట రెండు కన్నాలున్నాయి.

పెనుమూడి దగ్గర పాలెంలో క్రైస్తవుల గుడి కట్టి అరవై ఏళ్ళయింది. ఆ పండక్కి, గుడి కట్టించిన మిషన్ దొరగారి మీద నాటకం వెయ్యాలని ఊరిపెద్దలు తీర్మానించారు. రాసిందీ ఆడించేదీ రిటైరైన హెడ్మాస్టరు యేసుదాసుగారు. దొర వేషం బాపట్లలో బ్యాంకు గుమాస్తాగా ఉన్న దావీదుది. ముఖానికి తెల్లరంగు పులిమి గడ్డం అంటిస్తే కుదరదనీ, దొరగారిని ఎరిగిన ముసలివాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు గనక వాళ్ళు చూడగానే చేతులు జోడించాలనీ మాస్టారి పట్టుదల. తెనాలిలో ‘మేకప్ సహాయం’గా పేరుపడ్డ దేవసహాయం పాలెం వాడే కాబట్టి పని అతనికే వచ్చింది. పనితోపాటు దొరగారి ఫొటో ఒకటి ఇచ్చారు. పాతకాలపు నలుపు తెలుపు ఫొటో. అందులో కళ్ళు బూడిదరంగుగా ఉన్నాయి, ఆ మాటకొస్తే చొక్కా, కుక్క, వెనకాల గుడిగోడ అన్నీ బూడిదరంగే.

రంగేమిటని పాలెంలో అడిగితే ఒకాయన నీలమన్నాడు, ఇంకొకావిడ ఆకుపచ్చంది. చివరికి మాస్టారు, “దొరగారి బంగళాలో పనిచేసింది మీ అమ్మగారే కదయ్యా. ఆవిణ్ణడుగు, గొడవ వదిలిపోద్ది” అన్నారు. ఆయనకేం, తేలిగ్గా అనేశారు. బుద్ధెరిగిన నాటినుంచీ దేవసహాయం గొంతులో అడ్డంపడి ఉన్న ప్రశ్న అది.

దేవసహాయానివి పిల్లికళ్ళు. తేనెలో ఆకుపసరు చుక్క పడినట్టుండే రంగు. తల్లి జ్ఞానమ్మవి నల్లటి కళ్ళు. బంగళా తోటమాలి ఏలియావీ నల్లవే. దొరగారు ఓడెక్కి తన దేశం పోయిన నెలలోనే జ్ఞానమ్మను ఏలియాకిచ్చి చేశారు. పిల్లవాడు ఏడో నెలలో పుట్టాడు, అదీ నెలలు నిండినట్టు బొద్దుగా. పాలెంలో చదువురానివాళ్ళు చాలామందే గాని, ఈ లెక్క తప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఏలియా మంచివాడు, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని తిరిగాడు, తొందరగా పోయాడు. జ్ఞానమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆవిణ్ణి ఎదురుగా అడిగే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది, కొడుకుతో సహా.

బళ్ళో పిల్లలు ‘దొరబాబూ’ అని పిలుస్తుంటే పడలేక దేవసహాయం తెనాలి వచ్చేశాడు. నాటకాల కంపెనీలో రంగులు నూరే పనికి కుదిరాడు. ఒక్కసారి మాత్రం, భటుడి వేషగాడు తాగి పడిపోతే ఇతని చేతికి ఈటె ఇచ్చి స్టేజీమీదికి తోశారు. లైటు ముఖాన పడగానే ముందు వరసలోంచి ఎవడో, “రావణుడి కొలువులో తెల్లదొర ఉన్నాడ్రోయ్” అన్నాడు. పందిరంతా పగలబడి నవ్వింది. మర్నాడే నల్లద్దాలు కొనుక్కున్నాడు. పౌడరు పడక కళ్ళు పాడయ్యాయని తెనాలిలో అందరూ అనుకుంటారు. ఇతనూ అనుకోనిచ్చాడు. ఎందరినో రాజుల్నీ రాక్షసుల్నీ చేసి తెరముందుకు పంపాడు, తను మాత్రం తెర వెనకే తల నెరిపించుకున్నాడు.

జ్ఞానమ్మ ఇప్పుడు తెనాలిలో కొడుకు దగ్గరే, ముందుగదిలో మంచంమీద ఉంది. మనిషి ఎండిపోయి, పక్కమీద దుప్పటి మడతలా మిగిలింది. కోడలు ప్రేమకుమారి చెంచాతో గంజి పోస్తోంది. దేవసహాయం చేతులు తుడుచుకుని మంచంపట్టె మీద కూర్చున్నాడు.

“అమ్మా, దొరగారి కళ్ళు ఏం రంగమ్మా?” అన్నాడు. అని, వెంటనే, “నాటకానికిలే. మాస్టారు కనుక్కోమన్నారు” అని కలిపాడు.

జ్ఞానమ్మ పెదవులు మూసుకుంది. గంజి చుబుకం మీదికి కారింది. కొడుకు వంక కాదు, బల్లమీది రబ్బరు ముఖం వంక చాలాసేపు చూసింది.

“నీలం” అంది.

“నీలవేనా?”

“నీలవేరా. ఎన్నిసార్లు చెప్పాలి?”

చెప్పింది ఒక్కసారే. దేవసహాయానికి గుండెలమీది బరువు దిగినట్టయింది. నీలమైతే తను ఏలియా కొడుకే, ఊరిది ఒట్టి పాడునోరు. ఆ మాట నమ్మాలని ఎంత ఆశపడ్డాడో అంత అనుమానమూ పడ్డాడు. ముఖాన్ని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుని, నల్లద్దాలు తగిలించుకుని బయల్దేరాడు.

కళ్ళద్దాల షాపు పూర్ణచంద్రరావు మద్రాసు నుంచి కంట్లో పెట్టుకునే రంగు లెన్సులు తెప్పించి పెట్టాడు. చిన్న చిన్న సీసాల్లో ఉప్పునీళ్ళలో తేలుతున్నాయి, నీలం, ఆకుపచ్చ, బూడిద, తేనె. దేవసహాయం ముఖాన్ని కౌంటరుమీద నిలబెట్టి, కన్నాల వెనక తెల్లటి ప్లాస్టరు గుడ్లు అమర్చాడు. పూర్ణచంద్రరావు ఒక్కో లెన్సునీ తడివేలితో ఆ గుడ్లమీద అంటించసాగాడు.

“నల్లద్దాల్లోంచి చూస్తే రంగేం తెలుస్తుందండీ. తియ్యండి” అన్నాడు.

తప్పక తీశాడు. పూర్ణచంద్రరావు ఒక క్షణం తేరిపార చూసి, వ్యాపారస్తుడు కాబట్టి సంతోషించాడు.

“అయితే ఇదిగో, ఈ తేనెరంగు చూడండి సహాయంగారూ. అచ్చం మీ కళ్ళే. మీరు పెట్టుకుంటే పెట్టుకున్నట్టు మీ ఆవిడక్కూడా తెలీదు.”

లెన్సులు రెండూ గుడ్లకు అంటుకున్నాయి. రబ్బరు ముఖం కళ్ళు తెరిచి దేవసహాయాన్ని చూసింది. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలోంచి చూసే చూపే అది. నెలరోజులు తన చేత్తో మలిచిన ముఖం ఇప్పుడు తనని ఎరిగినట్టు చూస్తోంది. నాన్నా అనాలో, ఉమ్మెయ్యాలో తెలియక కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఇవి పెడితే చాలు, పాలెం మొత్తం ఒక్క చూపులో చదివేస్తుంది. మంచంమీది ముసలిది దాచుకున్నదంతా దీపాల కింద బయటపడుతుంది.

“నీలం ఇవ్వండి” అన్నాడు.

రేపల్లె పాసింజరు దిగి, బస్సు పట్టుకుని పాలెం చేరేసరికి బళ్ళో రిహార్సలుకు అందరూ చేరి ఉన్నారు. దావీదు బాపట్ల నుంచి వచ్చి కూర్చున్నాడు. కళ్ళలో లెన్సులు పెట్టడం నాజూకు పని. నల్లద్దాలు తీసి జేబులో వేసుకోక తప్పలేదు. దావీదు నీళ్ళు కార్చుకుంటూనే ఓర్చుకున్నాడు. పైన ముఖం తొడిగి, అంచులు గమ్ముతో మెడకు అతికేసరికి అందరూ చుట్టూ మూగారు.

దొరగారి బండి తోలిన ఏసుపాదాన్ని కుర్రాళ్ళు చేతులమీద తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. చేతులు జోడిస్తాడని అందరూ చూస్తున్నారు. ముసలాయన జోడించలేదు.

“ముఖం దొరదే. కళ్ళు ఇయ్యి కాదు” అన్నాడు. “దొరవి పిల్లికళ్ళు. అదుగో, ఆ అబ్బాయికున్నయ్యే, అట్టాంటియ్యి.”

ఎవరో దగ్గారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. మాస్టారికి అప్పుడు గాని తను ఏం అడగమన్నారో తట్టలేదు. ముఖం ఎర్రబడింది. “పోనీ... రంగు మార్పిద్దామా సహాయం?” అని నసిగారు.

చెయ్యి జేబులో నల్లద్దాల దాకా పోయింది. పోయినచెయ్యి వెనక్కి తీసుకుని దేవసహాయం అందరి వంకా నేరుగా చూశాడు.

“అక్కర్లేదండి. అమ్మ నీలమని చెప్పింది. బంగళాలో పనిచేసింది ఆవిడ. ఆవిడకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందండి?”

ఏసుపాదం అతన్ని కాసేపు చూసి తల దించుకున్నాడు. “జ్ఞానమ్మ చెబితే అంతేలే నాయనా. నాకు చూపు ఆనటంలా” అన్నాడు. అని, నీలికళ్ళ దొరకు మెల్లగా చేతులు జోడించాడు.

తిరుగు రైల్లో దేవసహాయం కిటికీ దగ్గర కూర్చున్నాడు. అద్దాలు పెట్టుకోలేదు. ఎదుటి బెంచీలో చంటిపిల్ల అతని కళ్ళ వంకే చూస్తుంటే నవ్వాడు కూడా. తల్లి మాటను ఊరందరి ముందూ నిలబెట్టి వస్తున్నాడు. ఇక ఎవరూ నోరెత్తరు. ఇంటికి పోగానే, ‘నీలవే ఖాయం చేశామమ్మా’ అని చెప్పాలనుకున్నాడు. ఇన్నేళ్ళకు ఆవిడకు ఇవ్వడానికి తన దగ్గర ఒకటి దొరికిందని అతనికి చాలా సంతోషంగా ఉంది.

దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరాడు. వాకిట్లో ఇరుగుపొరుగు నిలబడి ఉన్నారు. జ్ఞానమ్మను లోపల చాపమీద పడుకోబెట్టి తెల్లదుప్పటి కప్పారు.

“మీరెళ్ళిన కాసేపటికి ఉన్నట్టుండి లేచి కూర్చుందండి” అంది ప్రేమకుమారి, కళ్ళు తుడుచుకుంటూ. “‘నీలం కాదు’ అంది. ఏంటత్తమ్మా నీలం అంటే, ‘నీక్కాదే, వాడికి చెప్పాలి. ఇవాళ చెప్పేస్తాను. వాడు గడప తొక్కగానే చెప్పాలి, నన్ను గుమ్మంలో కూర్చోబెట్టు’ అని ఒకటే పోరు. కూర్చోబెట్టాను. వీధి వంకే చూస్తా ఉంది. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి తల వాలిపోయిందండి.”

దేవసహాయం తల్లి కాళ్ళదగ్గర కూర్చున్నాడు. ఆవిడ నిజం చెప్పడానికి ఇక్కడ ఊపిరి కూడగట్టుకుంటున్నప్పుడే, తను అక్కడ దాన్ని పదిమంది ఎదుటా పూడ్చి వచ్చాడు. చల్లబడ్డ పాదాలు ఒళ్ళోకి తీసుకుని, “చెప్పమ్మా” అన్నాడు ఒక్కసారి, పక్కవాళ్ళకు కూడా వినపడనంత చిన్నగా.

చూడ్డానికొచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ పక్కకు ఒదిగి లోపలికి వస్తున్నారు. గుమ్మానికి అడ్డంగా, ఆవిడ వీపుకు ఆనించిన తలగడతో, ఇనపకుర్చీ ఇంకా వీధి వైపే తిరిగి ఉంది.