పీకిన స్తంభాలు మళ్ళీ నిలబెట్టిన రోజు

ఇప్పటి కుర్రాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ, ఒకప్పుడు మా కింబర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పేరు చెబితే నెబ్రాస్కాలో మొక్కజొన్న చేలు కూడా లేచి నిలబడేవి. మాది కాలితో తన్నడమే కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్ లెండి. ఆగీ అనేవాడు బంతి చంకలో పెట్టుకుని పరుగు తీస్తే వాన వాణ్ణి అందుకోలేక వెనకాలే కురిసేది. రేడియోలో మా జట్టు పేరు వినబడందే మా ఆవులు పాలిచ్చేవి కావు. ఇందులో మీరు నమ్మనక్కర్లేనిది వాన సంగతి ఒక్కటే.

తరవాత పెద్ద కాలేజీలు మా మంచి ఆటగాళ్ళని ఒక్కొక్కణ్ణే ఎగరేసుకుపోయాయి. పక్క ఊరి ఆల్డెన్ కాలేజీ మీద మేము గెలిచి ముప్పై ఏళ్ళు దాటింది. శనివారం సాయంత్రం స్కోర్లు చదివే రేడియో ఆయనకి సరిగ్గా మా పేరు దగ్గరే దగ్గొచ్చేది.

ఆ జట్టుకి కోచ్ మా అల్లుడు టోబిన్. ఆ ఏడు కాలేజీ పెద్దలు అతన్ని పిలిచి, ఈసారి కూడా ఆల్డెన్ చేతిలో ఓడితే జట్టు ఎత్తేస్తామనీ, మైదానంలో సోయా వేయిస్తామనీ తేల్చి చెప్పేశారు.

ఆ కబురు కాఫీ కొట్టుకి మాకంటే ముందే చేరింది. నా చిన్ననాటి స్నేహితుడు డెల్మర్ నన్ను చూడగానే మొదలెట్టాడు.

"ఏరా ఆర్విడ్, మీ అల్లుడికి ట్రాక్టరు తోలడం వచ్చా?"

"ఎందుకురా?"

"వచ్చే ఏడు ఆ మైదానం దున్నాలి గదా! కాస్త నేర్పించు."

ఇంటికొస్తే అల్లుడు ముద్ద ముట్టకుండా కూర్చుని ఉన్నాడు.

"మామయ్యా, ఒకసారి కిందపడ్డ జట్టు మళ్ళీ లేస్తుందంటారా? నిజం చెప్పండి."

"నాకేం తెలుసయ్యా! పడుకున్న ఆవుని లేపాలంటే తోక పట్టుకుంటాం. జట్టుకి తోక ఎక్కడుంటుందో నువ్వే వెతకాలి. ముందు ఆ చిల్లీ పులుసు తిను, చల్లారిపోతోంది" అన్నాను. నవ్వలేదు గానీ తిన్నాడు.

ఆట రోజు నవంబరు చలి ఎముకలు కొరుకుతోంది. పికప్ బండ్ల వెనక తలుపులు దించి, చిల్లీ కుండలూ దాల్చినచెక్క రొట్టెలూ సర్దుకుని ఊరంతా అక్కడే ఉంది. ఆల్డెన్ వాళ్ళు సోయా విత్తనాల బస్తా ఒకటి తెచ్చి మా వైపు గీత పక్కన నిలబెట్టారు.

"తాతా, విత్తనాలు మావి, దున్నకం మీది!" అని అరిచాడొకడు.

"ఉంచు నాయనా, ఉత్త చేతుల్తో ఎందుకు వెళ్ళడం, సాయంత్రం మోసుకుపోదువు గాని" అన్నాను.

మా కుర్రాళ్ళు ఆ రోజు బురదలో దొర్లి, లేచి, మళ్ళీ దొర్లి, చివరికి రెండు పాయింట్లు పైన నిలిచారు. ఆల్డెన్ వాడు విసిరిన ఆఖరి బంతి ఎవరికీ అందక గడ్డి మీద పడింది. అంతే! ఊరు ఊరంతా మైదానంలోకి దూకింది.

గెలిస్తే మాకో ఆచారం ఉంది. గోలు స్తంభాలు పీకి, భుజాల మీద ఊరేగించి, ఏట్లో పడేస్తాం. రెండు స్తంభాలూ వాటి మధ్య అడ్డ గొట్టమూ పాతకాలం ఇనుము, మొదళ్ళ దగ్గర తుప్పు పట్టి ఉన్నాయి. ముల్లంగి వచ్చినట్టు వచ్చేశాయి.

అప్పుడు ఈల మోగింది. రిఫరీ మా మధ్యకి దూసుకొచ్చాడు.

"ఏమయ్యా పెద్దమనుషులూ, ఆట అయిందని మీకెవరు చెప్పారు? ఇంకా ఒక సెకను ఉంది!"

గెలిచి ఎన్నాళ్ళయిందో, ఎప్పుడు దూకాలో కూడా మరిచిపోయాం. మేము దూకినందుకు శిక్షగా బంతిని పదిహేను గజాలు ముందుకు జరిపారు. అక్కడినించి ఆ స్తంభాల మధ్యగా, అడ్డ గొట్టం పైగా తన్నితే ఆల్డెన్‌కి మూడు పాయింట్లు. తన్నడానికి స్తంభాలేవీ? మా భుజాల మీద ఉన్నాయి.

"నిలబెట్టండి. లేదంటే ఆట వాళ్ళకే ఇచ్చేస్తాను" అన్నాడు రిఫరీ.

గుంతల్లో దింపి, చుట్టూ చేరి, మా ఓటమి కోసం మేమే స్తంభాలు కావలించుకుని నిలబడ్డాం. డెల్మర్ నా చెవిలో గొణిగాడు.

"ఒరేయ్, బంతి వచ్చేటప్పుడు బెత్తెడు ఇటు వంచుదాం. ఎవడు చూస్తాడు?"

అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. ఈలోగా టోబిన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"మామయ్యా, నిటారుగా పట్టుకోండి. మీరు వంచి గెలిపిస్తే రేపు పిల్లల మొహం నేను చూడలేను. జట్టు పోతే పోనివ్వండి."

"విన్నావురా డెల్మర్? కదిలావంటే నీ చెవి కొరుకుతాను."

పళ్ళు బిగించి పట్టుకున్నాం. తుమ్మొచ్చినవాడు మింగేశాడు. ఆల్డెన్ కుర్రాడు తన్నాడు. బంతి గుండ్రంగా తిరుగుతూ నేరుగా మా వైపే వచ్చింది. అది గాలిలో ఉన్నంతసేపట్లో నేను మూడు పంటలు వేసి కోసుకున్నాను. ఠంగుమంది! నేను పట్టుకున్న స్తంభం తలకే తగిలింది. ఆ అదురు నా భుజంలోంచి మడమల దాకా దిగింది. బంతి వెనక్కి ఎగిరి బురదలో పడింది.

ఈసారి ఎవరూ దూకలేదు. అందరం రిఫరీ మొహమే చూస్తున్నాం. ఆయన పాయింట్లు లేవన్నట్టు చేతులు అడ్డంగా ఊపి, ఎందుకో నవ్వి, "ఇక పీక్కోండి తాతల్లారా" అన్నాడు.

పీకే పనేముంది? ఎత్తుకోవడమే! అల్లుణ్ణి అడ్డ గొట్టం మీద కూర్చోబెట్టి, స్తంభాలతో సహా భుజాలకెత్తుకున్నాం. ఏటి దాకా డెల్మర్ పాడుతూనే ఉన్నాడు, వాడి గొంతుకి వీధి కుక్కలు శ్రుతి కలిపాయి. టోబిన్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో కింద ఉన్న నాకు కనబడలేదు. నా టోపీ మీద మాత్రం చుక్కలు పడ్డాయి. అవి వాన చుక్కలంటాడతను.

ఆ సాయంత్రం రేడియో ఆయన దగ్గకుండా మా పేరు రెండుసార్లు చదివాడు. ఆల్డెన్ వాళ్ళు బస్తా వదిలేసిపోయారు. ఆ సోయా మా ఆవులకే పెట్టాను. అవి ఆ వారం ఇచ్చిన పాలకి బిందెలు చాలక డెల్మర్ స్నానాల తొట్టి అరువు తెచ్చాను. నమ్మకపోతే తొట్టి మా పెరట్లోనే ఉంది, వచ్చి చూసుకోండి.