గాలి వేషం

శనివారం పొద్దున మా ఇంట్లో గొడవ వంటింటి జాలీ తలుపు గురించి మొదలైంది. ఎవరో దాన్ని బార్లా తెరిచి వదిలేశారు. పక్కింటి పిల్లి దూరి, కేకు కోసం మెత్తబడాలని బల్ల మీద పెట్టిన వెన్న సగం నాకేసింది.

"నేను కాదు," అన్నాడు మా ఆయన థర్మన్, పేపర్లోంచి తల ఎత్తకుండా. "గాలికి తెరుచుకుని ఉంటుంది."

మా అత్తగారు లువీనియా గరిటె కింద పెట్టారు. "గాలి కాఫీ కప్పు పట్టుకుని వరండాలోకి కూడా వెళ్లిందేంరా? కప్పు అక్కడే ఉంది, చూసుకో."

అత్తగారు నలభై ఏళ్లుగా మా చర్చిలో తలుపు దగ్గర నిలబడుతున్నారు. తెల్లని చేతితొడుగులు వేసుకుని, ప్రార్థన మొదలవగానే తలుపు మూస్తారు. ఆమెన్ అనేదాకా మేయరైనా బయట నిలబడాల్సిందే. తలుపుల విషయంలో ఆమెకు అబద్ధం చెప్పి నెగ్గినవాళ్లు లేరు.

థర్మన్ వెన్న కొనడానికి చెప్పులేసుకుంటుండగా మా అమ్మాయి జెనోబియా ముందురోజు స్కూల్లో ఇచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది. అమెరికాలో ఫిబ్రవరి మా నల్లవాళ్ల చరిత్ర నెల. నాలుగో తరగతి పిల్లలు ఈసారి అత్తగారి కథే నాటికగా వేస్తున్నారు. తొమ్మిదేళ్ల వయసులో ఆమె ఊరి లైబ్రరీకి వెళ్లి పుస్తకం అడిగితే, నల్లపిల్ల అని మొహం మీదే తలుపు వేశారు. ఆ తొమ్మిదేళ్ల పిల్ల వేషం జెనోబియాది. రెండు వారాలుగా అత్తగారు దాన్ని కూచోబెట్టి ప్రతి మాటా నేర్పుతున్నారు. తాను పోయాక ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒకరు మిగలాలని ఆమె ఆశ.

కాగితంలో స్కూలు బోర్డు చేసిన మార్పు, కింద ఏ వేషం ఎవరిదో రాసిచ్చే ఫారం ఉన్నాయి. పైకి చదివాను. "ఎవరి మనసూ నొప్పించకుండా ఉండేందుకు, తలుపును మనిషి మూసినట్టు చూపరాదు. గాలి మూసినట్టు చూపవచ్చు."

"మళ్లీ చదువు," అన్నారు అత్తగారు.

మళ్లీ చదివాను. థర్మన్ నవ్వబోయి, వాళ్లమ్మ మొహం చూసి మానుకున్నాడు.

టీచరు మిస్ ట్రివెట్‌కు ఫోన్ చేశాను.

"నన్నేం చేయమంటారండీ?" అందావిడ. "మొదట తలుపు దానంతటదే బిగుసుకుపోయిందని పెట్టమన్నారు. బోర్డులో ఒకాయనకి తలుపుల కొట్టుంది, ఆయన మనసు నొచ్చుకుంది. దాంతో గాలికి దిగారు."

"గాలి వేషం ఎవరిది?"

"అదే చిక్కు. ఒక బాబుని పెట్టాను. గాలిని అంత చెడ్డగా చూపిస్తే మావాడు రేపు ఊపిరి తీసుకోవడానికి కూడా సిగ్గుపడతాడని వాళ్లమ్మ మాన్పించేసింది. సోమవారంలోగా ఫారంలో గాలి ఎవరో రాసివ్వకపోతే నాటిక రద్దు."

"పెద్దవాళ్లు వేయొచ్చా?"

"వేయొచ్చు. ఫారంలో వయసు అడగలేదు."

ఈ మాటలు ఇంట్లో చెప్పేసరికి జెనోబియా ఏడుపు అందుకుంది. "నాయనమ్మా, తలుపు గాలి వేస్తే 'నా పుస్తకం నాకివ్వండి' అని నేను ఎవర్ని చూసి అనాలి? ఫ్యానునా?"

అత్తగారు దాని తల నిమిరారు. ఆదివారం చర్చిలో ఎప్పటిలాగే తలుపు మూశారు. కానీ ప్రార్థన జరుగుతున్నంతసేపూ తన చేతినే చూసుకుంటూ నిలబడ్డారు.

చర్చి నుంచి వచ్చి భోజనానికి కూచున్నాం. వేయించిన కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. థర్మన్ భోజనం ముందు ప్రార్థన ముగించి రొట్టె మీద చెయ్యి వేశాడు.

"గాలి వేషం నేను వేస్తున్నాను," అన్నారు అత్తగారు.

థర్మన్ చెయ్యి రొట్టె మీదే ఆగిపోయింది. "అమ్మా, డెబ్బై దాటినదానివి, గాలేంటి?"

"గాలికి వయసేంట్రా? నలభై ఏళ్లుగా తలుపు మూస్తున్నా. ఏ తలుపూ చెయ్యి లేకుండా మూసుకోవడం ఇంతవరకూ చూళ్లేదు. గాలి కావాలన్నారు కదా, ఇస్తాను." జెనోబియా వైపు తిరిగారు. "ఏమే, మన ఫ్లోరిడాలో పెద్ద తుఫాను గాలి వస్తే టీవీ వాళ్లు ముందు ఏం చేస్తారు?"

"పేరు పెడతారు."

"ఎవరి పేరు?"

"మనుషుల పేర్లే, నాయనమ్మా."

"మరి నా గాలికీ పేరుంది. మిసెస్ ఆగ్నెస్ టిల్‌మన్. లైబ్రరీలో బల్ల వెనక కూచునేది, ఆ రోజు నా మొహాన తలుపు వేసింది ఆమే. అట్ట మీద పెద్దక్షరాలతో రాసి మెడలో వేసుకుంటా. నువ్వు నన్ను చూసి అడుగు నీ పుస్తకం. గట్టిగా అడుగు." అత్తగారు చేతిరుమాలు ఒళ్లో పరుచుకున్నారు. "కోడలా, భోజనం అయ్యాక ఆ ఫారం తీసుకురా. థర్మన్, లేచి ఆ జాలీ తలుపు వెయ్యి."