అలసిన కత్తి కొలత

కొలతలావిడ పొద్దున్నే గది తాళం తీసి ముందు బల్ల తుడుస్తుంది, తర్వాత కళ్ళద్దాలు తుడుస్తుంది. ఆ తర్వాతే సొరుగు లాగి, రాత్రంతా అందులో పడుకున్న కత్తుల్ని ఒక్కొక్కటిగా బయటికి తీస్తుంది. పరీక్షకు వచ్చిన ఏ కత్తినైనా ఒక రాత్రి సొరుగులో పడుకోబెట్టాకే కొలవాలని ఆ గది నియమం. ఎవరు పెట్టారో తెలియదు. ఆవిడ రాకముందు నుంచీ ఉంది. పదకొండేళ్ళుగా ఆవిడా తప్పలేదు.

నియమానికి కారణం లేకపోలేదు. నడుముకు కట్టుకున్న కత్తి, కట్టుకున్న మనిషి అలసేకొద్దీ పొడుగవుతుంది. సాయంత్రానికి కాళ్ళు వాచినట్టే. ఎనిమిది గంటల షిఫ్టుకు ఒక వేలు వెడల్పు పెరుగుతుంది, రాత్రి విశ్రాంతి దొరికితే మళ్ళీ తగ్గిపోతుంది. అందుకే ఒర కుట్టేవాళ్ళు అడుగున వేలున్నర ఖాళీ వదులుతారు. పిల్లలకు చెప్పులు కొనేటప్పుడు కాస్త వదులుగా చూసుకోమూ, అలాగే.

ఆ మంగళవారం బల్లమీదికి వచ్చింది బేళ్ళ హాల్లో వాడే మామూలు కత్తి. మడతపెట్టేది కాదు. నాలుగు వేళ్ళ అలుగు, చెక్క పిడి, తోలు ఒర. పాత బట్టల బేళ్ళకు కట్టిన తాళ్ళు కొయ్యడానికి అక్కడ అందరి నడుములకూ ఇలాంటిదే ఉంటుంది. కాకపోతే దీని ఒర అడుగున చీలి ఉంది. తోలుమీద రక్తం ఎండి నల్లబడింది.

ఆ రక్తం తాబేలుది. ఏ పనీ తొందరపడి చెయ్యడని హాల్లో అతనికా పేరు. కిందటి గురువారం బేలు మీద కూర్చోబోతే, ఒర అడుగునుంచి మొన దిగి తొడలో గుచ్చుకుంది. ఏడు కుట్లు పడ్డాయి. అజాగ్రత్తగా కత్తి దోపి ఒర చీల్చుకున్నాడని సూపర్‌వైజర్ తేల్చేసి, పనిలోంచి తీసేసే కాగితం టైపు చేయించాడు. శుక్రవారం దానిమీద సంతకం. కొలతల గది రిపోర్టు వస్తే చాలు.

"కత్తీ బాగుంది, ఒరా బాగుంది అని రాసిచ్చెయ్యండమ్మా," అన్నాడు సూపర్‌వైజర్. "రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల పనైతే మీరే చేసుకునేవారుగా," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున, నియమం ప్రకారం, సొరుగులోంచి తీసి చూసింది. పదును కాగితంమీద పెడితే చప్పుడు లేకుండా తెగింది. పిడి కదల్లేదు. ఒరలో పెట్టి తలకిందులుగా మూడుసార్లు విదిలించింది. జారలేదు. కుట్టులో సూది దూర్చి లాగింది. దారం సాగలేదు. అలుగు నాలుగు వేళ్ళు, ఒర లోతు అయిదున్నర. షిఫ్టుకు పెరిగేది ఒకటి. ఇంకా అరవేలు మిగలాలి. మరి మొన బయటికెలా వచ్చింది?

పోనీ వంకరగానే దోపాడనుకుందాం. అప్పుడు చీలిక పక్క కుట్టులో పడాలి. ఇది సరిగ్గా అడుగు మధ్యలో, తిన్నగా ఉంది. ఆవిడ మళ్ళీ కొలిచింది. స్కేలు మార్చి కొలిచింది. స్కేలు మీద అనుమానం తీరాక కళ్ళమీద అనుమానమొచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంది. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉంటే మనిషి తొడలో రంధ్రం ఎందుకుంది?

ఒరలు కుట్టే ముసలాయన్ని పిలిపించింది. ఆయన ఆవిడకు వరసకు బాబాయి.

"నా కుట్టుకు వంక పెట్టడానికి పిలిచావా?"

"వంక దొరికితే పిలిచేదాన్నా బాబాయ్, రాసేసేదాన్ని. దొరక్కే పిలిచాను."

ఆయన చీలికలో చిటికెన వేలు పెట్టి తడిమాడు. "ఇది దోపితే పడింది కాదమ్మాయ్. నెమ్మదిగా తోసుకొచ్చింది, విత్తనం మొలిచినట్టు. బాగా అలసిన కత్తి."

"ఒక్క షిఫ్టే చేశాడు. రెండింటికి దిగిపోయినట్టు రిజిస్టర్లో సంతకముంది."

"అయితే నాకు తెలీదు. నేను తోలు చదవగలను, రిజిస్టర్లు చదవలేను." అదే తోలుతో కుట్టిన కొత్త ఒర ఒకటి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆవిడ తాబేలు ఇంటికి వెళ్ళింది. కాలు దిండుమీద పెట్టుకుని మంచంమీద ఉన్నాడు. భార్య బట్టలు మడతపెడుతోంది.

"ఒకటే షిఫ్టక్కా," అన్నాడు గోడవైపు చూస్తూ.

"గోడకి కాదురా, నాకు చెప్పు. ఎన్నింటికి గుచ్చుకుంది?"

"రెండింటికి సంతకం పెట్టాను."

"సంతకం ఎవరడిగారు?"

అతను భార్య వంక చూశాడు. ఆమె మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "తాబేలుకి టైమేం తెలుస్తుంది వదినా," అంది. ఎవరికీ నవ్వు రాలేదు. చొక్కా పక్కన పెట్టి, "మా చెల్లెలూ అక్కడే పనిచేస్తోంది," అంది.

చెల్లెలికీ చిల్లుకీ ఏమిటి సంబంధం? ఆవిడ ఇంటికి వచ్చేదాకా ఆలోచించింది. అంతుపట్టలేదు.

గురువారం పొద్దున ఆరింటికి కత్తిని కొత్త ఒరలో పెట్టి నడుముకు కట్టుకుని బేళ్ళ హాల్లోకి వెళ్ళింది. అక్కడే ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి. బేలు మీదపడి మోకాలు పోయాకే కొలతల గదిలో కూర్చోబెట్టారు. సూపర్‌వైజర్ ఆ రోజు హెడ్డాఫీసులో ఉన్నాడు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. తాళ్ళు కోసింది, బట్టలు విప్పింది, ఉన్నివి ఒకవైపు, నూలువి ఒకవైపు వేసింది. మోకాలు తిట్టింది. వినలేదు.

రెండింటికి గంట కొట్టారు. అందరూ వరసలో నిలబడి సంతకాలు పెట్టారు. ఆవిడ కత్తి దూసి కొలిచింది. అయిదు వేళ్ళు. వెంట్రుకవాసి తేడా లేదు. లెక్క కుదిరింది, ఆవిడ మతే పోయింది.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి చూస్తే, గేటువైపు ఒక్కరూ వెళ్ళలేదు. అందరూ మళ్ళీ బేళ్ళమీద వంగి ఉన్నారు. తాబేలు మరదలు తాడు కోస్తోంది.

"గేటు అటు కదమ్మా?"

"సంతకం రెండింటికి వదినా. ఇల్లు అయిదింటికో ఆరింటికో. కిందటి గురువారమైతే బావ కాలు కోసుకునేసరికి ఏడు కావస్తోంది."

"ఎప్పటినుంచి ఇలా?"

"నేను చేరి ఆరేళ్ళు. అప్పటినుంచీ ఇంతే. అడిగినవాళ్ళు మర్నాడు ఉండరు." ఆ పిల్ల ఒక్క క్షణం చెయ్యి ఆపింది. "ఏం, ఇలా కాదా ఉండాల్సింది?"

ఎగతాళి కాదు. నిజంగానే తెలియక అడిగింది.

ఎనిమిది గంటలు ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు. ఆ గేటు ముందు పంతొమ్మిది రోజులు వానలో కూర్చుని తెచ్చుకున్నవి. లాఠీ దెబ్బ తిన్నవాళ్ళున్నారు, పాలు తాగే పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళున్నారు. కొలతలావిడ మొదటి వరసలో ఉంది. గెలిచాక, గెలిచింది గెలిచినచోటే ఉంటుందనుకుంది. గది మారింది, కుర్చీ దొరికింది, పొద్దుటిపూట మాత్రమే కత్తుల మొహం చూసింది. మెట్టుమెట్టుకీ కాపలా లేకపోతే ఎక్కిన మెట్లు కిందనుంచి ఊడదీస్తారన్న సంగతి ఆవిడకు తెలిసి ఉండాలి. ఇంకెవరికి తెలుస్తుంది?

మళ్ళీ వెళ్ళి బేలు ముందు నిలబడింది. నాలుగైంది. అయిదైంది. ఆరింటికి కత్తి ఒరలో బిగిసిపోయింది. కూర్చోకుండా జాగ్రత్తపడింది. ఆరున్నర అవుతుండగా తొడకు చల్లగా ఏదో తగిలింది. చూసుకుంటే తోలులోంచి మొన తొంగిచూస్తోంది, చీమ తలంత.

శుక్రవారం పొద్దున సూపర్‌వైజర్ బల్లమీద రెండు ఒరలు పక్కపక్కన పెట్టింది. రెంటికీ చీలిక ఒకేచోట ఉంది. రిపోర్టులో రెండే వాక్యాలు: 'పన్నెండున్నర గంటల పనికి ఒర చిల్లుపడింది. కట్టుకున్నదీ కొలిచిందీ నేనే.'

అతను రెండుసార్లు చదివాడు. "వాడు రెండింటికి సంతకం పెట్టాడు కదమ్మా."

"వాడు పెట్టాడు. కత్తి పెట్టలేదు."

"విశ్రాంతి తీసుకున్న కత్తినే కొలవాలని నియమం."

"విశ్రాంతి తీసుకున్న కత్తి ఎవర్నీ గుచ్చదండీ."

"ఇది పైకి వెళ్తే ఎంత గొడవో తెలుసా మీకు?"

"పొద్దుటి టపాలోనే వెళ్ళింది. మీ చేతిలోది నకలు."

టైపు చేసిన కాగితం అతని ముందే ఉంది. దానిమీద పెన్ను పెట్టాడు, తీశాడు. చివరికి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా పైనుంచి వచ్చినవాళ్ళు అందరి కత్తులూ దూయించి కొలిచారే తప్ప, కత్తి ఎందుకు పెరిగిందని ఎవరూ అడగలేదు. ఎన్ని గంటలకు పెరిగిందనే అడిగారు.

కుట్లు విప్పించుకుని తాబేలు పనిలోకి వచ్చిన రోజు, రెండింటికి సంతకం పెట్టి, కుంటుతూ గేటు దాటాడు. వెనకాల ఉన్నవాళ్ళు అతని నడకకు తిట్టుకుంటూ ఎండలోకి వచ్చారు.

కొలతలావిడ అటు చూడలేదు. పాత రిపోర్టుల కట్ట విప్పి కూర్చుంది. సరిపోయింది, సరిపోయింది, సరిపోయింది. అన్నీ తన చేతిరాతే. రక్తం మరకతో వచ్చిన కత్తులు తొమ్మిది. తొమ్మిదిమందీ అజాగ్రత్తకు పని పోగొట్టుకున్నవాళ్ళే. అందరికన్నా పాతదాంట్లోంచి చిరునామా రాసుకుని, ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళింది.

తలుపు తీసిన ఆమె అరచెయ్యి అడ్డంగా కుట్లు పడి వంకరపోయి ఉంది. ఎవరన్నట్టు చూసింది. కొలతలావిడకు దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. క్షమించమనాలా, పేరు చెప్పుకోవాలా, లోపలికి రావచ్చా అని అడగాలా, ఏమీ తోచలేదు.

"ఆ రోజు ఎన్ని గంటలు చేశావమ్మా?" అంది.